అమావాస్య ముందటి పూత

చనిపోయిన భార్య కొలిమి లోపలి పూత ఎప్పుడూ అమావాస్య ముందురోజే ఎందుకు వేసేదో ముసలి కమ్మరికి ఏళ్లుగా అంతుబట్టలేదు. చివరికి పుంగనూరులో పొరుగింటామెనే అడిగాడు.

“ఎర్రమట్టీ, మీ పొయ్యి బూడిదే కదమ్మా కలిపేది. నేనేస్తే నెర్రెలిస్తాండాది. మీ వదినది భక్తా?”

“భక్తీ ఉండాది. పూత నిదానంగా ఆరల్ల కదన్నా. అమావాస్యనాడైతే నువ్వు కొలిమి ముట్టియ్యవు.”

“నాతో చెప్తే కొలిమి ఆపనా?”

“నువ్వా? సంగటికి పిలిస్తేనే పలికేవాడివి కాదే! ఆ ఒక్క పొద్దన్నా ఇంట్లో ఉంటాడని వదిన సంబరపడేది.”

అతడు ఆమె పొయ్యిలో బూడిద ఎత్తుకుని వెళ్లిపోయాడు. అమావాస్య దాటాక కొత్త కొడవలితో వచ్చాడు.

“పూత నిలిచిందమ్మా. ఆ పొద్దంతా ఇంట్లోనే కూసోనుంటి, ఒక్కణ్ణే. ఇదిగో, నీ బూడిదకు బదులిస్తానని మీ వదిన అప్పుడెప్పుడో నాతో చెప్పిన కొడవలి.”