బఠాణీ పాలపళ్ళు

ముందుగది. సోఫాలో నెలలు నిండిన ఇల్లాలు. ఎదురుగా నేల మీద, కుక్కలకు తర్ఫీదు ఇచ్చే మాస్టారు. ఇద్దరి మధ్యా పిడికెడంత కుక్కపిల్ల.

“అలా గొణిగితే కాదమ్మా. గట్టిగా అరవాలి.”

“అరిచాను కదండీ మాస్టారూ.”

“అది అరుపా? దోమ కుట్టినా అంతకంటే గట్టిగా అరుస్తారు. పన్ను తగలగానే ‘అబ్బా!’ అనాలి. చెయ్యి లాగేసుకోవాలి. మొహం తిప్పేసుకోవాలి. అంతే.”

“అంతేనా?”

“అంతే. కుక్కపిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడుకుంటాయి. కాటు గట్టిగా పడిందనుకోండి, రెండోది కుయ్యిమని ఆట మానేసి పోతుంది. ఓహో, ఇంత గట్టిగా కొరికితే ఆట ఉండదన్నమాట అని కొరికినదానికి తెలిసొస్తుంది. మనం ‘అబ్బా’ అన్నా అదే లెక్క. ఊఁ, కానివ్వండి. వేలు ఇవ్వండి దానికి.”

“ఇంకో మాట అనకూడదా?”

“ఏ మాట?”

“ఏదో ఒకటి. ‘అయ్యో’ అనో, ‘ఛీ’ అనో. ఆ మాట మాత్రం వద్దు.”

“ఆ మాటకేమైందమ్మా?”

“ఏం కాలేదు. నాకు కొంచెం... వేవిళ్ళు.”

“నెలలు నిండాక వేవిళ్ళేమిటి తల్లీ?”

“నాకున్నాయి. ఈ ఇంట్లో ఉంటే ఎవరికైనా ఉంటాయి.”

“సరే, మీరు కూర్చోండి, నేను చూపిస్తాను. రా బఠాణీ. రా నాన్నా. ఎంత ముద్దుగా ఉన్నావురా, దూది ఉండలాగా. ఇదిగో వేలు... అబ్బా! ... అబ్బా! అబ్బబ్బబ్బ! వదులు! వదలమంటే!”

“చెప్పాను కదా మాస్టారూ, ఆ మాట వద్దని.”

“ఇదేంటమ్మా, అన్న కొద్దీ బిగించింది! నన్ను దూడంత కుక్కలు కరిచాయి, నిజమే, వాటికి కరిచే హక్కుంది. ఇది నా చెప్పులో పడుకుంటే కనపడదు!”

“దూదీ, మందూ బల్ల మీదే ఉన్నాయి చూడండి. ఎప్పుడూ అక్కడే ఉంటాయి.”

“మీ చేతుల మీద ఆ పట్టీలన్నీ దీని పనేనా?”

“నావి నయం. మా అత్తగారి కాలి బొటనవేలు చూడాలి మీరు. చీము పట్టి గోరు ఊడింది. ఆవిడ మా ఆడపడుచు ఇంటికి వెళ్ళిపోయారు. ఇది ఉన్నంతవరకు ఈ గడప తొక్కనన్నారు.”

“ఇది అంటే, కుక్కేనా?”

“... కుక్కే.”

“ఇంతకుముందు మాన్పించడానికి ఏమైనా చేశారా?”

“అన్నీ చేశాను. చేదు మందు చేతులకి రాసుకున్నాను, నాకేసింది. తడిబట్ట చల్లబెట్టి ఇచ్చాను, ముక్కలు చేసింది. రబ్బరు ఎముక కొన్నాను, దాని వైపు చూడనైనా చూడదు. దానికి మనిషే కావాలి. మనిషి అరవాలి.”

“వింతగా ఉందే. అమ్మా, అటు చూడండి. నన్ను కరిచి, వదిలి, ఎంత బుద్ధిగా కూర్చుందో. నా వైపు చూడటం లేదు. ఆ మూలకి చూస్తోంది. ఏముందక్కడ?”

“ఏం లేదు.”

“మూడు కాళ్ళతో ఏదో నిలబడి ఉంది కదా.”

“స్టాండు.”

“ఏం స్టాండు?”

“ఆయన ఫోను పెట్టుకునే స్టాండు. అవన్నీ ఎందుకు మాస్టారూ? డాక్టరు ఇచ్చిన తేదీ దగ్గరపడింది. బిడ్డతో నేను ఇంటికొచ్చేసరికి ఇది కొరకడం మానాలి. మానుతుందా, మానదా? అది చెప్పండి చాలు.”

“మానదంటే ఎవరికైనా ఇచ్చేస్తారా?”

“ఆయన ఇవ్వరు. అందుకే మానాలి.”

“ఓహో! బాస్ వచ్చేశారే! ఏంటి బంగారం, నన్ను లేపకుండానే మొదలుపెట్టించేశావా? లైటైనా వేయలేదు!”

“మావారండీ మాస్టారూ. ఇప్పుడే లేచారు.”

“నమస్తే సార్. లైటెందుకు?”

“ఎందుకంటారేంటి బాస్! మిమ్మల్ని కరిచిందా? ఆ రక్తం దానిదేనా? అయ్యయ్యో, మిస్సయ్యాను. ఏమనుకోకుండా వేలు ఇంకోసారి పెడతారా?”

“సార్, మీ చొక్కా జేబులోంచి ఏదో కారుతోంది.”

“ఆఁ, అదా. ఉడకబెట్టిన లివరు. బఠాణీకి బహుమతి.”

“జేబులోనా?”

“చేతికి దగ్గరగా ఉండాలి కదా! కరిచిందా, ముక్క. కరిచిందా, ముక్క. కాస్త ఆలస్యమైతే దేనికిచ్చామో దానికి తెలీదు. మీకు నేను చెప్పాలా?”

“ఆ చొక్కాతోనే పడుకుంటారు మాస్టారూ. ఆ చేత్తోనే తింటారు. నిన్న నాకు పళ్ళ ముక్కలు కోసిచ్చారు, ఆ చేత్తోనే.”

“ప్రేమతో ఇచ్చాను బంగారం.”

“వాంతి చేసుకున్నాను.”

“ఒక్క నిమిషం సార్. కరిస్తే ముక్క ఇస్తున్నారా మీరు?”

“ఊరికే కరిస్తే ఇవ్వను. అవతలివాళ్ళు ‘అబ్బా’ అనాలి. అనకపోతే చూసేవాళ్ళకి మజా ఏముంటుంది? అన్నాక ఇంకాస్త గట్టిగా కొరికిందనుకోండి, పెద్ద ముక్క. ‘కొంటె బఠాణీ’ బాస్! మా వీడియోలు చూళ్ళేదా? ఊరంతా చూస్తుంటే!”

“నేను కుక్కల్ని కుక్కల దగ్గరే చూస్తాను సార్.”

“అయితే ఇప్పుడు చూడండి. ఈవిడ మా అమ్మ. వంగి చెప్పులు తొడుక్కుంటుంటే వెనక నుంచి వచ్చి... ఇదిగో! ‘అబ్బా, చచ్చాన్రా నాయనా’ అంది చూడండి. ఆ ‘నాయనా’ దగ్గర నాకు నవ్వు ఆగలేదు. నా నవ్వు కూడా పడింది, వినండి. ఆ ఒక్క ముక్కనే తిప్పి తిప్పి వేశాను, మ్యూజిక్కుతో.”

“ఆవిడ ఏడుస్తోంది సార్.”

“అదే కదా బాస్! ఏడ్చినదాన్నే విరగబడి చూశారు. ‘మామ్మని మళ్ళీ కరిపించండి’ అని ఒకటే కామెంట్లు. తర్వాత గోరు ఊడినప్పుడు దగ్గర్నుంచి తీశాను, చూడండి...”

“వద్దు సార్. ఫోను తీసెయ్యండి.”

“చీము తుడిచాకే తీశాను బాస్, మరీ అంత ఇది లేనివాణ్ణి కాదు.”

“తీసెయ్యమన్నాను!”

“ఏంటి, కుక్కల మాస్టారై ఉండి ఇంత సుకుమారమా?”

“పొద్దున లేస్తే కుక్కల మలం ఎత్తుతాను సార్. ఏనాడూ రోత పుట్టలేదు. ఇది చూస్తే పుడుతోంది. అమ్మా, మీకిదంతా ముందే తెలుసా?”

“తెలుసు.”

“తెలిసీ కుక్కకి తర్ఫీదు కావాలని పిలిచారా?”

“ఇంకెవర్ని పిలవను? మొగుళ్ళకి తర్ఫీదిచ్చే మాస్టారెవరైనా ఉంటే నంబరివ్వండి, ఇప్పుడే ఫోన్ చేస్తాను.”

“హహ! అదిరింది బంగారం! ఈ డైలాగు వాడదాం.”

“సార్, నవ్వకుండా వినండి. ఏ మాట వింటే ఆగాలో, ఆ మాట వింటేనే కొరకాలని నేర్పారు దీనికి. రేపు ఇంట్లో పసిబిడ్డ ఉంటుంది. పసిబిడ్డ వేలు ఎంతుంటుందో తెలుసా? అగ్గిపుల్లంత. దీని పళ్ళు సూదులు.”

“నాకు తెలీదా బాస్? మానేస్తాను. ఈ క్షణం నుంచే బంద్.”

“నిజంగానా?”

“నా బిడ్డ కంటే వీడియోలు ఎక్కువా? లివరు బంద్. ‘అబ్బా’ బంద్. బంగారం, సంతోషమా? ఇక బాస్‌కి టీ ఇచ్చి పంపించు.”

“ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారేంటండీ? నేను అడిగినప్పుడల్లా మీద పడేవారు.”

“పెద్దాయన చెప్పాడుగా. నేను పెద్దవాళ్ళ మాట వింటాను.”

“మీ అమ్మగారు పెద్దావిడ కాదా?”

“బంగారం, టీ.”

“టీ వద్దు సార్. మీరు మానేస్తానన్నారు, సంతోషం. అమ్మా, రాసుకోనక్కర్లేదు, గుర్తుంచుకోండి. ‘అబ్బా’ ఈ ఇంట్లో ఇక ఎవ్వరూ అనొద్దు. కొరికిందా, మాట్లాడకుండా లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకోండి. ఒంటరిగా ఉండటం కంటే పెద్ద శిక్ష లేదు దానికి. కొట్టొద్దు, మూతి నొక్కొద్దు. కొరక్కుండా చెయ్యి నాకితే అప్పుడు ముక్క పెట్టండి. జేబులోంచి కాదు.”

“గిన్నెలో పెట్టుకుంటాను మాస్టారూ.”

“ఇక ముఖ్యమైనది. పసిపిల్లల ఏడుపు దీనికి ముందే అలవాటు చేయాలి. చిన్న కుక్కలు మొదటిసారి వింటే బెదిరిపోతాయి. ఫోన్లో సన్నగా పెట్టి వినిపిస్తూ ఉండాలి. నా దగ్గరుంది, ఇప్పుడే మొదలెడదాం.”

“అది అక్కర్లేదు బాస్.”

“అక్కర్లేదేంటి సార్?”

“ఇవాళ్టికి చాలన్నాను. కుక్క అలిసిపోయింది.”

“అలిసిపోయిందా? నా ప్యాంటు అంచు నములుతోంది.”

“వద్దన్నాను కదా! నేను చూసుకుంటాను.”

“ఎందుకు వద్దండీ?”

“నీ గురించే బంగారం. ఏడుపులూ అవీ వింటే నీకు తలనొప్పి...”

“నాకు తలనొప్పి లేదు. పెట్టండి మాస్టారూ.”

“పెట్టొద్దు!”

“పెట్టండి.”

“ఇదిగోనమ్మా, సన్నగా పెడుతున్నాను... అరె! ఎక్కడికది? బెదరలేదే! తోక ఊపుకుంటూ పోతోంది!”

“బిడ్డ కోసం సర్దిన గదిలోకి వెళ్ళింది! ఆ తలుపు నేను వేసే ఉంచాను! నన్ను లేపండి మాస్టారూ, చెయ్యివ్వండి.”

“మెల్లగా అమ్మా, మెల్లగా. పట్టుకోండి.”

“బంగారం, ఆ గదిలో ఏం లేదు. నువ్వు నడవకూడదు. బంగారం, చెప్పేది విను, ముందు చెప్పేది...”

“ఉయ్యాల పక్కన ఈ మెట్ల స్టూలు ఎవరు పెట్టారు?”

“దాని మీద నుంచే లోపలికి ఎక్కిందమ్మా. ఏదో కొరుకుతోంది. బఠాణీ! వదులు! వదిలెయ్!”

“బొమ్మ. అది బొమ్మ మాస్టారూ. దాని కాళ్ళకి చిరిగి వేలాడుతున్న మేజోళ్ళు... అవి నేను అల్లినవి. నా బిడ్డకి అల్లుకున్నవి.”

“ఉత్త బొమ్మే బంగారం. నిజంది కాదుగా.”

“కాలి వేళ్ళు లేవు. నమిలేసింది. దీని కాళ్ళకి వేళ్ళే లేవు! ఎన్నాళ్ళ నుంచి చేయిస్తున్నారండీ ఇది? నేను నిద్రపోతుంటేనా? లివరు వాసన... పక్కబట్టలు, దిండు, అంతా అదే వాసన.”

“ఉతికించేస్తాను.”

“సార్. ఏడుపు వినపడితే ఉయ్యాలలోకి ఎక్కి కాలు కొరకాలి. అదేనా నేర్పింది?”

“గట్టిగా కాదు బాస్! మెత్తగా. పాలపళ్ళే కదా, ఇంకొన్నాళ్ళకి అవే రాలిపోతాయి. రాలిపోకముందే వీడియో తీయాలి, అదే నా తొందర. ‘అన్నయ్య పెట్టిన మొదటి ముద్దు’. పేరు బాగుంది కదా? ఒక్క టేకు. ఒక్కటే. ఆ తర్వాత దీన్ని మీకే ఇచ్చేద్దామనుకున్నాను, నిజం.”

“ఛీ.”

“బంగారం...”

“ఛీ! దగ్గరకు రాకండి. ఆ చేత్తో నన్ను ముట్టుకోకండి.”

“అమ్మా, ఈ కుక్కపిల్లను నేను తీసుకెళ్తున్నాను. నా దగ్గరుంటుంది. దీని తప్పేం లేదు, మాన్పిస్తాను. మీరు ఎక్కడికైనా వెళ్ళాలంటే నా బండి కిందే ఉంది.”

“మా ఆడపడుచు ఇంటికి. మా అత్తగారి దగ్గరికి. ఆ నీలం సంచి ఇలా అందుకోండి మాస్టారూ. ఆస్పత్రికని సర్దుకున్నది, అది చాలు నాకు.”

“బంగారం, ఆగు. ఇలా కాదు. ముందుగదిలోకి రా, కూర్చో. ఒక్క మాట విను, తర్వాత నీ ఇష్టం. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“లేవండి.”

“లేవను. బుద్ధి గడ్డి తింది. నేను మనిషినే కాదు. అమ్మ ఏడుస్తుంటే నవ్వాను. కన్నతల్లి ఏడుస్తుంటే!”

“లేవండి ముందు. ఎవరైనా చూస్తే బాగుండదు.”

“చూడనీ. అందరూ చూడనీ. నేనెంత వెధవనో అందరికీ తెలియనీ. వీడియోలన్నీ తీసేస్తాను. అమ్మని బతిమాలి తీసుకొస్తాను. నువ్వు వెళ్ళిపోతే నేనేమైపోతాను? బిడ్డ పుట్టే వేళకి నేను పక్కన లేకపోతే ఎలా?”

“... ఏడవకండి.”

“ఏడవనీ.”

“మాస్టారూ, పెళ్ళయిన దగ్గర్నుంచి ఈయన ఏడవడం నేను చూళ్ళేదు. ఏం చేయమంటారు?”

“నన్నడక్కండమ్మా. నేను కుక్కలకే హామీ ఇవ్వగలను.”

“ఏవండీ, ఇటు చూడండి. మీ అమ్మగారు ఇవాళే ఇంటికి రావాలి. ఆ ఉయ్యాల నాకొద్దు, కొత్తది తేవాలి. స్టాండు నా కళ్ళ ముందే విరగాలి. ఇందులో ఏ ఒక్కటి జరక్కపోయినా ఈ సంచి మళ్ళీ చేతికి తీసుకుంటాను.”

“అన్నీ చేస్తాను. నీ మీద ఒట్టు. ఉంటానని చెప్పు. ముందు ఆ ఒక్క మాట చెప్పు.”

“అమ్మా, నేను కింద బండి దగ్గర ఉండనా, వెళ్ళిపోనా?”

“మీరు వెళ్ళండి మాస్టారూ. బఠాణీని జాగ్రత్తగా చూసుకోండి. నేను... ఉంటాను.”

“తుడుచుకోకు! తుడుచుకోకు బంగారం, కన్నీళ్ళు అలాగే ఉంచు! కొంచెం ఇటు, స్టాండు వైపు తిరిగి ‘ఉంటాను’ అని ఇంకొక్కసారి అను. ఇందాక నీ కడుపు ఫ్రేములో పడలేదు.”