ఎనిమిదో సీసా

కొల్లేరులో నెలనెలా చేసే నీళ్ళ పరీక్షకి ఏడు సీసాలు నింపి, ఎనిమిదోది ఖాళీగానే ఐసుపెట్టెలో పెట్టేసింది హారతి. పడవ వెనక్కి తిప్పమంది. గెడ వేస్తున్న సత్తియ్య తిప్పలేదు.

“ఇంకో సీసా ఉండిపోయిందమ్మా.”

“ఉండనీండి బాబాయ్. ఈ నెలకి ఏడు చాలు.”

“పోయిన నెలా ఏడే అన్నారు.”

“ఎండెక్కుతోంది. ఐసు కరిగిపోతే ఇవి కూడా పాడైపోతాయి. ల్యాబుకి చేరాలి కదా, తిప్పండి.”

“ఆ ఎనిమిదోది మా లంకలో బోరింగుదే కదండీ?”

“ఇప్పుడెవరూ తాగట్లేదుగా. గొలుసేసి కట్టేశారుగా.”

“గొలుసేస్తే అడుగున నీళ్ళు ఎక్కడికి పోతాయమ్మా? ఒక్కసారి పట్టారు. మళ్ళీ దాని మొహం చూళ్ళేదు. కాగితంలో ఏం రాస్తున్నారు మరి, ఏడాదిన్నర నుంచీ?”

“దారి లేదని.”

“దారి లేకపోవడం ఏంటండీ! రేవు దిగితే ఇరవై అడుగులు.”

“బాబాయ్… ఆ రేవులో ఉన్నది మీ కోడలు కదా? లోవలక్ష్మి?”

“ఆఁ. అదే.”

“ఏం కడుగుతోంది?”

“గిన్నెలు.”

“గిన్నెలు కాదు.”

“…పాలసీసా. రోజూ కడుగుద్ది. కడిగి ఎండలో బోర్లించుద్ది. పొద్దు వాలాక లోపల పెట్టుకుంటది. మేం ఏమీ అనం.”

“పాప పోయి ఏడాదిన్నర అవుతోందిగా.”

“సాయిదుర్గ. డెబ్బై ఆరు రోజులు బతికింది. మా ఆవిడకి ఇప్పటికీ ఏడుపు వినబడుద్దంట, ఆ బోరింగు పక్కన. నాకు ఏడుపు వినబడదు. బోరింగు కొట్టిన చప్పుడు వినబడుద్ది. గొలుసు ఉన్నా సరే. అన్నం తింటా ఉంటే కూడా.”

“అలా అనకండి బాబాయ్.”

“మీకేం వినబడదా?”

“నాకెందుకు వినబడుతుంది? నేను… నాకెందుకండీ? పడవ తిప్పండి, మీకు దండం పెడతాను.”

“పెదాలు నేరేడుపండు తిన్నట్టు అయిపోయాయమ్మా. గోళ్ళు కూడా. ఆసుపత్రికి చేరేలోపే చల్లబడిపోయింది. గుండెలో ఏదో లోపం ఉండుంటుందన్నారు. తల్లికి పాలు పడలేదు. డబ్బాపాలే. బోరింగు నీళ్ళతోనే కలిపాం. పచ్చినీళ్ళు కాదండోయ్! అరగంట మరగబెట్టి, వడగట్టి మరీ…”

“మరగబెడితే…”

“ఆఁ? మరగబెడితే?”

“ఏం లేదు.”

“చెప్పండమ్మా.”

“మరగబెడితే పురుగులు చస్తాయి. ఇది చావదు. నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నైట్రేటు అంటారు. పొలాల్లో చల్లిన యూరియా, చేపల చెరువుల్లో వేసిన మేత, ఏళ్ళ తరబడి దిగి దిగి భూమిలో చేరిపోయింది. మనం తాగితే అప్పటికప్పుడు ఏమీ తెలీదు. పసిబిడ్డ రక్తం మాత్రం ఊపిరిని మొయ్యలేదు. అందుకే పెదాలు అలా…”

“అయితే గుండె కాదు.”

“కాదనే నా నమ్మకం.”

“మీకెప్పుడు తెలిసింది?”

హారతి ఐసుపెట్టె మూత తీసింది. మళ్ళీ మూసేసింది.

“పాప పోకముందే.”

“ఏంటీ?”

“ముందే, బాబాయ్. గురువారం మీ బోరింగులో పట్టాను. శుక్రవారం సాయంత్రం ల్యాబులో చూస్తే నూట పద్దెనిమిది. నలభై అయిదు దాటకూడదు. మర్నాడే మావాడి మొదటి పుట్టినరోజు. అన్నవరంలో వ్రతం చేయిస్తామని మొక్కుకున్నాం. కాగితం సొరుగులో పెట్టేసి వెళ్ళిపోయాను, వచ్చాక రిపోర్టు రాద్దాంలే అని. అట్నుంచి అటే పుట్టింటికి. పది రోజులు! మీ సర్పంచిగారి నంబరు నా ఫోన్లోనే ఉంది. కొండ మెట్లెక్కుతూ కూడా అనుకున్నాను, ఒక్క ఫోను చేద్దామని. వాడు ఏడిస్తే ఎత్తుకున్నాను, మర్చిపోయాను.”

“పది రోజులు.”

“తిరిగొచ్చేసరికి, బుధవారమే పోయిందన్నారు. అప్పుడే పరీక్ష చేసినట్టు తేదీ మార్చి రిపోర్టు పంపాను. ఆ గొలుసు వేయించింది ఆ రిపోర్టే.”

సత్తియ్య గెడని బురదలోకి దించి పడవ ఆపేశాడు.

“తిట్టండి బాబాయ్. ఏదో ఒకటి అనండి. మీ పడవలోనే తిరిగాను, మీ ఇంటి మజ్జిగ తాగాను. ఆ గట్టెక్కే ధైర్యం లేక దారి లేదని రాశాను.”

“ఏడవకండి. కోడలు ఇటే చూస్తోంది.”

“చూడనీండి. పడవ రేవుకి పోనివ్వండి. ఆవిడకి నేనే చెప్తాను.”

“వద్దమ్మా.”

“చెప్పాలి. తనకి పాలు పడకపోవడం వల్లే బిడ్డ పోయిందనుకుంటోందేమో!”

“అనుకుంటోంది. రోజూ అదే మాట.”

“మరింకేంటి? పోనివ్వండి.”

“మీ ఫోను వచ్చినా నేను ఆ నీళ్ళు మాన్పించేవాణ్ణి కాదమ్మా.”

“నన్ను ఓదార్చకండి.”

“ఓదార్పు కాదు. వినండి. పాప పోడానికి అయిదు నెలల ముందు కాలేజీ పిల్లలొచ్చారు. ఏవో చీటీలు నీళ్ళలో ముంచి చూశారు. బోరింగు మొత్తానికీ ఎర్రరంగు పూసి, తాగొద్దు, చంటిబిడ్డలకి అసలే వద్దు అని చెప్పి వెళ్ళారు. అప్పుడు లోవలక్ష్మికి ఏడో నెల. అది భయపడిపోయింది. ఆ పొట్టతో మైలు దూరం నడిచి, ఫిల్టరు నీళ్ళ టిన్ను చంకనేసుకుని గట్టు మీద ఆయాసపడతా వచ్చేది.”

“ఎర్రరంగా? నేను పట్టిన రోజున బోరింగు పచ్చగా ఉంది బాబాయ్.”

“అది అలా మోస్తా ఉంటే చూడలేకపోయానమ్మా. పుట్టి బుద్ధెరిగిన కాడ్నించీ అవే నీళ్ళు తాగాం, మాకేమైంది అనుకున్నాను. ఆ పిల్లలే మళ్ళీ వచ్చి టెస్టు చేశారు, నీళ్ళు బాగున్నాయని పచ్చరంగు వేసి వెళ్ళారు అని దానికి చెప్పాను. పిచ్చిది, నమ్మేసింది. ఎవరూ రాలేదమ్మా. పడవకి వెయ్యగా మిగిలిన రంగు… వేసింది నేను.”