ఒక్క రోజు నడక దూరం

ముందు గదిలో పుస్తకాల బైండింగు, వెనక గదిలో కాపురం. నలభై ఏళ్ళు ఆవిడ ఫారాలు, అంటే మడిచిన కాగితాల కట్టలు, వరసగా పేర్చి కుట్టింది, ఆయన అట్టలు వేశాడు. ఇప్పుడు మందులకి చూపు మసకబారి ఆవిడ మంచం మీద ఉంది. మూడో తరగతితో బడి మానేసిన ఆయన, పక్కన స్టూలు మీద కూర్చుని, లైబ్రరీకి తిరిగి ఇవ్వాల్సిన ఒక పుస్తకం పైకి చదువుతున్నాడు. మిట్టమధ్యాహ్నం.

"ఆగండాగండి. గౌను వేసుకున్నాడా?"

"గౌను కాదే. మోకాళ్ళ దాకా అంగీ. రోము సిపాయిలంతా అదే వేసుకుంటారట."

"మంచులోనా? కాళ్ళు కొంకర్లు పోవూ? అంత దూరం యుద్ధానికి తోలినవాడు మనిషికో పంట్లాము కుట్టించలేడూ?"

"నన్నడుగుతావేం? నేనేమన్నా వాళ్ళ దర్జీనా? చదవనిస్తావా, మూసెయ్యమంటావా?"

"చదవండి, చదవండి. మా చెల్లి ఫోను చేసిందా?"

"చేసింది. పొద్దున. నువ్వు నిద్రలో ఉన్నావు."

"నేను నిద్రలో ఉన్నప్పుడే చేస్తుందేం?"

"దానికేం తెలుసు, నువ్వెప్పుడు పడుకుంటావో?"

"ఏమంది?"

"బయల్దేరుతున్నా అంది."

"మొన్న కూడా బయల్దేరుతున్నా అందిగా."

"మొన్న రైలు దొరకలా. ఇప్పుడు దొరికింది. సోమవారానికి వచ్చేస్తుంది. విను. 'శ… త్రు… శత్రువులు అడవి చుట్టూ…'"

"అడవి చుట్టూనా, కొండ చుట్టూనా? మనవాళ్ళుంది కొండ మీద కదా?"

"కొండ చుట్టూ. అడవిలోంచి వచ్చి కొండ చుట్టూ. చీమతలకాయంత అక్షరాలు వేసి చచ్చారు, కళ్ళు లాగేస్తున్నాయి. 'సే… నా… సేనాని కేక పెట్టాడు. సిపాయిలు డాళ్ళు ఎత్తి, ఒకదానికొకటి ఆనించి, తాబేలు లాగా…' చూడు, ఇలా."

"ఏం చేస్తున్నారు? నాకు మసగ్గా ఏదో నలుపు కనపడుతోంది."

"నెత్తిన అట్ట పెట్టుకున్నా. పక్కవాడు కూడా ఇలా పెట్టుకుంటాడు. వాడి పక్కవాడూ అంతే. పైనుంచి బాణం పడ్డా లోపలికి దూరదు."

"దింపండి, మెడ పట్టేస్తుంది. ఈ వయసులో తాబేలు వేషాలు! గద్ద ముసలాయన ఎక్కడున్నాడు?"

"మధ్యలో. కర్ర మీద ఇత్తడి గద్దని పట్టుకుని నిలబడ్డాడు. అది కిందపడితే దళం మొత్తానికి పరువు పోయినట్టేనట."

"పాపం, చేతులు నొప్పెడతాయి. ఎవరైనా కాసేపు అందుకోవచ్చుగా."

"ఆయనివ్వడు. మీ వంశం లాంటివాడు."

"మా వంశాన్ని ఎందుకు లాగుతారు మధ్యలో? చదవండి."

"'రా… రాత్రి తాబేలు విరిగి, డాళ్ళ కింద కొందరు నలిగిపోయారు. తె… తెల్లవారింది. సేనాని కొమ్ము ఊదించాడు. సిపాయిలారా, ధైర్యంగా ఉండండి. మన రెండో దళం ఒక్క రోజు నడక దూరంలో ఉంది, అన్నాడు. అందరూ లేచి లోయలో దారి వైపు చూశారు.'"

"మళ్ళీనా?"

"ఏం మళ్ళీ?"

"నిన్న చదివినప్పుడూ ఒక్క రోజే అన్నాడు. మొన్నా అంతే. కొండెక్కి పన్నెండు రోజులైంది. ఒక్క రోజు దూరం పన్నెండు రోజులా?"

"దారి బాగోలేదేమో. మంచు కదా."

"అబద్ధాలకోరులా ఉన్నాడు ఈ సేనాని."

"అలా అనకు. ఆ మాటే లేకపోతే వాళ్ళు పొద్దున లేవరే."

"లేవకపోతే లేవరు. వచ్చేదో రానిదో తెలిస్తే, ఉన్న నాలుగు రోజులూ ఎలా గడపాలో వాళ్ళే చూసుకుంటారు. ఆ దారి వైపు మెడ తిప్పుకుని కూచోరుగా."

"నీళ్ళు తాగుతావా?"

"వద్దు. ఫోను ఎవరెత్తారు?"

"ఎప్పుడు?"

"మొదటిసారి. నాకు ఒంట్లో బాలేదని మీరు చేసినప్పుడు."

"వాళ్ళబ్బాయి. ఎత్తి… దానికిచ్చాడు."

"నా పేరెత్తగానే ఏమంది? కోపంగా అందా?"

"లేదు. ఏడిచింది."

"మా చెల్లా? అది ఏడవదే. పదకొండేళ్ళయింది దాని గొంతు విని. అమ్మ పోయిన రోజు అందరి ముందూ అనేశాను దాన్ని. నువ్వసలు అమ్మకి బిడ్డవే కాదు, చివరి రోజుకి కూడా రాలేదు, అని. దానికి కబురు అందలేదని తర్వాత తెలిసింది. తెలిసినా నేను వెళ్ళలా. ఏం పొగరో నాకు."

"పోనీలే. అయిపోయిందానికి…"

"అవలేదు. ఎదురుగా నిలబడి అన్నాను, ఎదురుగానే వెనక్కి తీసుకోవాలి. ఫోనులో తీసుకునే మాట కాదది. డాక్టరేమో పది రోజులన్నాడు. అందులో ఆరు అయిపోయాయి."

"డాక్టర్లు అలాగే అంటారు. వాళ్ళకేం తెలుసు?"

"మీరు బెంగపడకండి, నాకేం భయం లేదు. సోమవారం దాకా ఉంటే చాలు. ఉంటాను, చూడండి. మాది పట్టుదల వంశమని మీరే అన్నారుగా ఇందాక. ఇంకెంతుంది కథ?"

"అయిపోవచ్చింది. ఒక్క పేజీ."

"చదవండి మరి."

"'మర్నాడు పొద్దున్నే రెండో దళం వచ్చేసింది. శత్రువులు చెట్టుకొకరు పుట్టకొకరు పారిపోయారు. సిపాయిలంతా సంతోషంగా ఇళ్ళకి వెళ్ళిపోయి పెళ్ళాం పిల్లలతో హాయిగా ఉన్నారు.' అయిపోయింది."

"అయిపోయిందా?"

"అయిపోయింది. పడుకో కాసేపు."

"గద్ద ముసలాయన?"

"అంతా అంటే ఆయన కూడా అందులోనే."

"ఏమండీ."

"ఊ."

"పది రోజుల్నుంచి మీరు ఆగి ఆగి, గాలి పీల్చుకుంటూ చదువుతున్నారు. శత్రువు అన్న మాటని ముక్కలు ముక్కలు చేస్తేగానీ మీ నోట్లోంచి రాదు. ఈ ఆఖరి ముక్క మాత్రం కుళాయి తిప్పినట్టు వచ్చిందేం?"

"అలవాటైంది. పది రోజులు చదివితే రాదా?"

"పుస్తకం ఇలా ఇవ్వండి."

"నీకు కనపడదు కదే."

"చూడ్డానికి కాదు. ఇవ్వండి. గుండె మీద పెట్టండి, చేతులు లేవట్లేదు. ఆ. ఇది నేను కుట్టిందేగా?"

"నువ్వు కుట్టిందే. మంచం పట్టే ముందు రోజు."

"ఆఖరిగా కుట్టింది. ఇరవై ఒక్క ఫారాలు. ఫారానికి పదహారు పేజీలు. బాగా గుర్తు, ఎందుకంటే పదిహేడో ఫారం దగ్గర దారం అయిపోతే మీరే తెచ్చిచ్చారు. ఒకటి… రెండు… మూడు…"

"లెక్కపెట్టకే, ఆయాసం వస్తుంది."

"వేలితో వెన్ను తడుముతున్నా, కొండ ఎక్కట్లేదు. అట్ట ఇంకా అతికించలేదేం?"

"అతికిస్తా. నువ్వు వినేశాక అతికిద్దామని."

"…పద్దెనిమిది… పందొమ్మిది… ఇరవై. ఇరవయ్యే ఉన్నాయి."

"సరిగ్గా చూడు. రెండు కలిసి అంటుకుపోయుంటాయి."

"ఇదేంటిది? ముడా? నేను ముడి లోపలికి తోస్తాను, చేత్తో తడిమినా తెలీదు. ఇది ఎద్దు మూపురంలా బయటికుంది. ఎవరు కుట్టారు?"

"దారం వదులై బయటికొచ్చుంటుంది."

"దారం సంగతి కాదు. ఎవరు కుట్టారు?"

"నేనే."

"నలభై ఏళ్ళు సూది పట్టమంటే, అది ఆడవాళ్ళ పని, నాకు చేత కాదు అన్నారు. ఎన్నిసార్లు గుచ్చుకుంది?"

"రెండు. కాదు, మూడు."

"అందుకా వేలికి ఆ గుడ్డ? అట్ట కోసుకుందన్నారు నాతో."

"ఏదో ఒకటి. కోసుకున్నా గుచ్చుకున్నా రక్తమేగా."

"ఆ ఫారం ఎక్కడుంది?"

"పారేశా."

"మీరా? ఎలుక కొరికిన కాయితం కూడా పారెయ్యరు మీరు. ఎక్కడ పెట్టారు?"

"ముందు గదిలో. బరువు కింద, అట్టలు నొక్కే ప్రెస్సులో."

"తీసుకురండి."

"వద్దే. బాగుండదది. నేను చెప్పిందే బాగుంది. అందరూ ఇళ్ళకి పోయారు. అలా ఉండనీ."

"ఒకరి పుస్తకంలో ఫారం పీకేసి అట్టేసి ఇస్తే మనల్ని బైండర్లంటారా? నేను పోయాక లైబ్రరీ వాళ్ళు, ఆవిడ ఆఖర్న కుట్టింది ఇదిగో ఇలా తగలేసింది అనుకోవాలా? తీసుకురండి."

ఆయన ముందు గదిలోకి వెళ్ళి, చాలాసేపటికి వచ్చాడు.

"తెచ్చారా?"

"తెచ్చా."

"ఇంతసేపేంటి?"

"ప్రెస్సు బిగుసుకుపోయింది."

"చదవండి. మీ కథ కాదు, అందులో ఉన్నదే చదవండి."

"'వే… వేగు… వేగులవాడు వెళ్ళిన మూడో నాడు తిరిగొచ్చాడు. లోయ మలుపులో రెండో దళాన్ని చూశాను, అన్నాడు. గు… డారాలు లేవు. పొయ్యిల్లో పొగ లేదు. మనుషులు వరసగా… వరసగా…'"

"కళ్ళు తుడుచుకుని చదవండి."

"'వరసగా పడి ఉన్నారు. కవచాల సందుల్లోంచి గడ్డి మొలిచి, ఎండిపోయింది. మంచు ఆ గడ్డి మీద కురిసింది.'"

"గడ్డి మీద మంచా?"

"ఊ."

"అంటే గడ్డి మొలిచింది ముందు. మంచు తర్వాత."

"ఊ."

"అంటే వీళ్ళు కొండెక్కకముందే వాళ్ళు పోయారు. ఎప్పుడో వానాకాలంలోనే పోయారు."

"…ఆ."

"ఇక్కడ వీళ్ళు చూస్తూ కూచున్నారు. రోజూ ఆ దారి వైపు."

"ఇక చాలే."

"సేనానికి తెలుసా?"

"'ఆ… ఆ సంగతి సేనానికి మొదటి రోజే తెలుసు.'"

"తెలిసీ కొమ్ము ఊదించాడా?"

"ఊ."

"ఎందుకట?"

"చేత కాక."

"అలా రాసుందా?"

"రాయలేదు. నేనంటున్నా. నిజం చెబ్దామనే పొద్దున లేస్తాడు. కొమ్ము చేతికి తీసుకుంటాడు. వాళ్ళు మొహం ఇంత చేసుకుని, ఇవాళ వస్తారా అని చూస్తారు. ఇంక ఏం చెప్తాడే? నోరు దానంతటదే ఒక్క రోజు అనేస్తుంది. మర్నాడు చెబ్దాం అనుకుంటాడు. మర్నాడు అది ఇంకా పెద్దదైపోతుంది. ఏమే? నిద్రపోయావా?"

"లేదు. ఒక మాట అడుగుతా."

"రేపడుగు. అలిసిపోయావు."

"యుద్ధం పుస్తకంలో చావుల్లేకుండా ఉంటాయా? మొన్న వంతెన కూలి మూడొందల మంది నీళ్ళల్లో పోయారు. ఆ పేజీ మీరు చదివారు. తాబేలు విరిగి, డాళ్ళ కింద నలిగిపోయారు. అదీ చదివారు, పైగా నెత్తిన అట్ట పెట్టుకుని చూపించారు కూడా. నేను పోతానని డాక్టరు నా ముందే చెప్పాడు, మన మధ్య ఆ దాపరికం లేదు. మరి ఈ ఒక్క ఫారమే ఎందుకు పీకారు? వేళ్ళు పొడుచుకుని మరీ?"

"ఊరికే. చదవబుద్ధి కాలా."

"ఇలా నా వైపు చూడండి."

"చూస్తున్నా."

"నాకు కనపడదనేగా. నేల చూస్తున్నారు మీరు. గొంతు కిందికి పోతోంది."

"చూస్తున్నానే. సోమవారం రైలుకి అది…"

"కొమ్ము ఊదకండి. చెయ్యి ఇలా ఇవ్వండి. ఆ గుడ్డ కట్టిన చెయ్యి. ఇప్పుడు చెప్పండి. ఎప్పుడు పోయింది, నా చెల్లి?"