పదకొండు ముక్కల అంగీ

1984. షార్జా, రోలా వెనక వీధిలో ఆరుగురు ఉండే గది. శుక్రవారం పొద్దున. మేస్త్రీ పోశయ్య మంచం మీద కూర్చుని పసిపిల్లవాడి అంగీ కుడుతున్నాడు. అదే ఊరి ఆశన్న ఇప్పుడే స్నానం చేసి వచ్చాడు.

"నవ్వకురా ఆశన్నా. సూది పట్టుడు తాపీ పట్టినంత సులువు గాదు."

"నవ్వుతలేను పోశన్న. అంగీకి చేతులేవి? సంచి లెక్కుంది."

"పన్నెండు దినాల పిలగానికి చేతులెందుకురా? రెండు బొక్కలు, ముంగట రెండు నాడాలు. గుండీలు పెట్టొద్దు. కుట్లు బయటికే ఉండాలె, లోపలుంటె ఒంటికి ఒత్తుతయి. మా అమ్మ మాటలు నింపి పంపిన కాసెట్ల అన్ని చెప్పింది."

"గీ పచ్చ ముక్క ఎవల్ది?"

"పఠాన్ నూర్ మొహమ్మద్‌ది. సల్వార్ అంచు చింపిచ్చిండు. ఇంకింత తీస్కో, పిలగానికి డేరా కుట్టు అన్నడు. తెల్లది ఏలూరు కృపానందంది, దిండు గలీబు. గిది మలయాళీ వంటాయన లుంగి. మా కంపెనీ మేనేజర్, ముదీర్‌ను సుత అడిగిన."

"ముదీర్‌నా! ఏమన్నడు?"

"పాగల్ అన్నడు. అని, జేబులకెల్లి రుమాలు తీసిచ్చిండు. కొత్తది. కొత్తది పనికిరాదని వాపస్ ఇచ్చిన. ఇంకింత పాగల్ అన్నడు."

"మంచిగనె అడుక్కున్నవ్."

"అడుక్కోక? ఇద్దరు పోయిండ్రు. పిలగాడు ఏడు దినాలకు, పిల్ల పదిహేను దినాలకు. మూడోనికి పదకొండు మంది దగ్గర అడుక్కున్న గుడ్డ కుట్టి తొడిగితె దక్కుతడు. ఇరవై ఒకటోనాడు తొడిగి బిక్షపతి అని పిలుస్తరు. ఊర్లె అయితె మా అమ్మ అడుక్కొస్తుండె. దుబాయ్‌ల అంత పరాయోళ్లే, ఇంకా మేలు, నువ్వే అడుగు అన్నది."

"దక్కుతడు. ఎందుకు దక్కడు."

"మునుపటోళ్లు తొందరపడి పుట్టిండ్రు. వీడు నెల ఎక్కువ ఉన్నడంట కడుపుల. గట్టిపడి వచ్చిండంట."

"అమ్మ అన్నదా?"

"అమ్మే. ఎందుకట్ల అడుగుతవ్?"

"ఊకనే. చాయ తాగుతవా?"

"చాయకు టైమ్ లేదు. మన ఊరి లచ్చన్న బొంబాయి విమానానికి పోతుండు, వచ్చే యాల్లయింది. అంగీ ఆయన చేతుల పెట్టాలె. పదకొండో ముక్క కోసం నిన్ను నాలుగు దినాల సంది అడుగుతున్న."

"నా దగ్గర పాతది లేదన్న గద."

"మొన్న రేపన్నవ్. నిన్న తారు అంటింది అన్నవ్. ఇయ్యాల లేదంటవ్."

"కింద దుకాణపాయనను అడుగుత ఆగు. ఇప్పుడే తెస్త."

"అక్కర లేదు. అయిపోయింది."

"ఏమైపోయింది?"

"నువ్వు స్నానానికి పోయినంక నీ నీలి లుంగి అంచు కోసిన. తిట్టకు, కొత్తది కొనిస్త. చూడు, ఎద మీదనే కుట్టిన. నీ గుడ్డ ఆడనే ఉండాలె."

"తీసెయ్యి."

"ఏంది?"

"తీసెయ్యి పోశన్న. ఇప్పు. బ్లేడేది?"

"అరె, లుంగి అంచుకు గింత కోపమా?"

"లుంగి మొత్తం కాలబెట్టుకో. ఆ ముక్క పిలగాని ఒంటి మీద పడొద్దు."

"చెప్పక తీస్కున్ననని అంటున్నవా? అయితె ఇప్పుడు ఇచ్చిన అను. నోటితోని అను, చాలు."

"అనను."

"అనవా? పఠాన్ అన్నడు, కిరస్తానీ ఆయన అన్నడు. నువ్వు అనవా?"

"నా గుడ్డ నడవది అన్న."

"ఎందుకు నడవది? నడవనిది రక్తం పంచుకున్నోళ్లది. తండ్రిది, తాతది, చిన్నాయినది. సొంతోళ్లది దారం పోగు పడ్డా మొక్కు చెల్లదు, పిలగాడు దక్కడు. మనది కులం వేరు, ఇంటిపేరు వేరు. అన్న అని పిలిస్తె సొంతోనివైతవా?"

"ఇప్పు అన్న. నీ కాళ్లు మొక్కుత. వాడు సచ్చిపోతడు."

"ఎందుకు సచ్చిపోతడు?"

"ఇప్పు."

"నిరుడు కాముని పున్నం తెల్లారి నేను బస్సెక్కిన. వీసా రాలేదని నువ్వు ఊర్లె ఉన్నవ్."

"అన్నా."

"ఎన్నాళ్లున్నవ్?"

"రెండు నెలలు."

"ఇంటి దిక్కు సూడుమని నేనే అన్న. బస్టాండుల నీ చెయ్యి పట్టుకొని నేనే అన్న."

"అన్నవ్."

"నా పెండ్లాం లింగవ్వను వదినె అంటివి గదరా."

"నన్ను ఏమన్న చెయ్యి, తర్వాత చెయ్యి. ముందు ముక్క ఇప్పు."

"ఆమెకు ఎరుకనా, పిలగాడు ఎవల్దో?"

"ఆమెనే జాబు రాసింది. పోశయ్య కొడుకే అని పెంచుత, నువ్వు మల్ల మా వాకిట్లకు రాకు అని."

"నాకు కాసెట్. నీకు జాబు."

"అన్నా, యాల్లయితున్నది."

"గమ్మున ఒక ముక్క ఇచ్చి ఊకుంటె అయిపోతుండె. నాకు ఎన్నటికి తెల్వకపోతుండె."

"ఇస్తె వాడు దక్కడు గద."

"గంత పాణమా వాని మీద?"

"కింద హారన్ కొడ్తున్నరు. లచ్చన్న టాక్సి."

"కొట్టనియ్యి. బ్లేడు ఇటు తే."

"ఇప్పుతవా? నీ కాళ్లు—"

"ముట్టకు. దూరం నిలవడు. ఇగో, తీస్కో నీ ముక్క."

"పదే అయినయి అన్న. ఎద మీద బొక్క పడ్డది. ఉరుకుత, కింద ఎవలనన్న అడిగి—"

"ఎవల్నొద్దు. ఆ గోడ మేకుకున్న నా అంగీ అందుకో. వానికి నేను పరాయోన్నే గద."