పసుపు లేని పప్పు

"నాయినమ్మా, అత్తగారింట్ల మొదటిసారి పప్పు వండిన. మా అత్తమ్మ గిన్నెలకు చూసి, 'ఎవ్వలు పోయిండ్రని గిట్ల వండినవ్' అన్నది. మనింట్ల పప్పుల పసుపెందుకు ఎయ్యరు?"

అయ్యో, గంత మాటన్నదా? అనే ఉంటది తియ్యి, ఆమె తప్పేం లేదు. సావైన ఇంట్లనే గదా పసుపు లేకుంట వండేది. పదకొండు దినాలు పోపు ఉండది, పసుపు ఉండది. కొత్త కోడలు గసుంటి పప్పు తెచ్చి ముంగట పెడ్తె ఎవ్వలకైన పాణం జల్లుమంటది. నాదే తప్పు బిడ్డా. నీకు వంట నేర్పిన గని గీ ముచ్చట సెప్పకుంటనె అత్తగారింటికి పంపిన. జర గా దిండు ఇటియ్యి, నడుము గుంజుతుంది. ఆఁ, ఇగ కూసో.

గిదంత మీ మేనత్త సరోజ కోసం. అది పుట్టింది మన జిల్లాలు ఆంధ్రల కలిసిన ఏడు. మీ నాయిన అప్పటికి ఇంకా లేడు, దాని తర్వాత ఎనిమిదేండ్లకు పుట్టిండు. కాదు కాదు, తొమ్మిదేండ్లకు. సరే, ఎన్నేండ్లకైతేంది. మేము ధర్పల్లి కాడ ఉంటుంటిమి, మాదంత పసుపే. పుష్యం దాటిందంటె ఊరంత పసుపు తవ్వుడు, పెద్ద పెద్ద కడాయిలల్ల ఉడకబెట్టుడు, కల్లంల ఎండబోసుడు. ఎండినంక కొమ్ములను డ్రమ్ముల ఏసి గిర్ర తిప్పితె గా దుబ్బ ఉంటది సూడు, సెట్లమీద, గోడలమీద, మనుషుల రెప్పలమీద గూడ పసుపే. గండ్ల పెరిగిన పిల్ల అది. మూడేండ్లదాంక మంచిగనే ఉండె. గా తర్వాత షురూ అయింది.

ముందుగాల సేతుల మీద దద్దులు లేచినయ్. ఎర్రగ, సింతగింజలంత. గోకుడే గోకుడు. మా అత్త, అంటె మీ తాత తల్లి, ఆమె సూసి ఏం సేసింది? యాపాకు, పసుపు కలిపి నూరి పెయ్యంత పూసింది. మల్లా లేచినయ్. మల్లా పూసింది. సెంపలు ఉబ్బి కండ్లు మూసుకపోయినయ్. అమ్మవారు పోసిందేమో అని అందరం బుగులువడి మూడు దినాలు పసుపు నీళ్ళు సల్లినం, పసుపు బట్ట కట్టినం. నవ్వకు. నీకిప్పుడు నవ్వొస్తది, నాకు రాది.

తర్వాత దమ్ము అందుకుంది. పిల్ల ఆడుకుంట ఆడుకుంట ఆగిపోయేది. గొంతుల పిల్లి కూసినట్టు కూత. నేను పొయ్యికాడ ఉన్నా, నాట్లకాడ ఉన్నా, నా సెవు దాని ఊపిరి దిక్కే ఉండేది, ఎర్కేనా. ఒక హకీం సాబ్ దగ్గరికి తోల్కపోతె ఆయన మంచి మనిషే, నాడి సూసి ఏదో పొడి ఇచ్చి పాలల్ల హల్దీ, గదే పసుపు, ఏసి తాపుమన్నడు. తాపిన. అది వద్దంటె ముక్కు మూసి తాపిన. నా సేతులతోటి నేనే తాపిన బిడ్డా. గీ మాట ఎవ్వలకు సెప్పలే, నీకు సెప్తున్న.

దానికి ఏడేండ్లప్పుడు నిజామాబాద్ పెద్ద దవాఖానకు పోయినం. మీ తాత, నేను, అది. బస్సుల కిటికీ కాడ కూసోబెట్టినం గాలి తలుగుతదని. గా డాక్టర్ సాబు ఆంధ్ర దిక్కు మనిషి, మాట మెత్తగ ఉంటది గని మనకు సగమే సమజైతది. పిల్లను సూసి, "ఈ పాపకు ఏం పడదమ్మా?" అని అడిగిండు. నేనేమో, "యాడ పడలే సారు, మంచిగనే నడుస్తది" అన్న. ఆయన కండ్లద్దాలు తీసి నా దిక్కు సూసిండు. మీ తాత నా మోచేయి పొడిసిండు. గప్పుడు సెప్పిండు డాక్టరు, ఎలర్జీ అంటరట, కొందరి పెయ్యికి కొన్ని సరిపడయట, గది తిన్నా, ముట్టినా గిట్లయితదట. ఏం తింటదో ఒక్కొక్కటి సెప్పుమన్నడు. నేను సెప్పిన. వంకాయ, గుడ్డు, పల్లీలు, సింతపండు, పెరుగు, జొన్న రొట్టె, మిరపపొడి, ఉప్పు గూడ సెప్పిన. ఒక్కొక్కటి బందువెట్టి సూడుమన్నడు. గోళీలు ఇచ్చిండు, ఒక సూది ఏసిండు.

వంకాయ బందువెట్టినం. గుడ్డు బందువెట్టినం. పల్లీలు, పెరుగు, సింతపండు... పిల్ల పుల్లలెక్క అయింది. దద్దులు పోలే, దమ్ము పోలే. నేను పసుపు పేరు సెప్పలే సూడు! పసుపు తిండి అనుకుంటే గద సెప్పేది. మాకది మందు, మాకది లచ్చిమి. కూరల నీళ్ళు పోసినట్టు అది పడుతనే ఉంటది, ఎవ్వలు లెక్కవెడ్తరు?

ఇగ అసలు ముచ్చట ఇను. మా అక్కను వర్ని దిక్కు ఇచ్చిండ్రు గదా, నిజాంసాగర్ కాలువ కింద వరి, సెరుకు ఉన్నోళ్ళు. వాళ్ళ మామ పోయిండు. పెద్ద మనిషి, మంచిగ బతికి పోయిండు. నేను సరోజను సంకలేసుకొని పోయిన, దాన్ని ఇడిసి ఉండబుద్ధి కాకపోయేది నాకు. పదకొండు దినాలు ఆడనే ఉన్నం. సావింటి వంట, పసుపు లేదు, పోపు లేదు, నీళ్ళలెక్క పప్పు, తెల్లటి కూర. అందరు ఏడుస్తున్నరు. నా పిల్ల ఏమో మూడోనాటికి గోకుడు ఆపింది. ఐదోనాటికి సెరుకు గడ నమలుకుంట సెలకల్ల ఉరికింది. నేను గోడకు ఆనుకొని సూస్తున్న, దాని ఛాతిల కూత ఇనవడ్తలేదు. పక్కన ఏడుస్తున్నోళ్ళ మధ్యల నాకు నవ్వొస్తుంది, సిగ్గైతుంది. సావింట్ల నా బిడ్డ బాగైతుందేంది దేవుడా అని మల్లా బుగులు గూడ. ఏం కీడో ఏమో అనుకున్న. గాలి మారింది తియ్యి, సెరుకు గాలి పడింది అన్నది మా అక్క. నేను గూడ గదే అనుకున్న.

పన్నెండోనాడు ఇంటికొచ్చినం. సావింటికెళ్ళి వచ్చినోళ్ళను గట్లనే లోపటికి రానియ్యరు గదా. మా అత్త వాకిట్లనే ఆపి, బకిట్ల పసుపు నీళ్ళు కలిపి తెచ్చింది. నా మీద పోసింది. తర్వాత పిల్ల నెత్తిమీదికెళ్ళి కుమ్మరిచ్చింది, ముఖానికి రుద్దింది ప్రేమతోటి. నేను ఇంకా కొంగు పిండుకుంటున్న. పిల్ల నా సీర పట్టి గుంజింది. సూస్తె పెదవులు ఉబ్బినయ్, మెడమీద దద్దులు నా కండ్ల ముంగటనే లేస్తున్నయ్, నోరు తెరిసింది గని ఊపిరి లోపటికి పోతలేదు. పెదవులు నల్లగైతున్నయ్. పొద్దు నెత్తిమీద ఉంది, అందరు కల్లాలకాడ ఉన్నరు. నేను బకిట్ల మిగిలిన నీళ్ళ దిక్కు సూసిన. గప్పుడు ఎర్కైంది బిడ్డా. గప్పుడే.

బావికాడికి ఎత్తుకపోయి ఉత్త నీళ్ళతోటి కడిగిన కడిగిన. గా డాక్టరు ఇచ్చిన గోళి నూరి నాలుకమీద పెట్టిన. మీ తాత ఎవ్వలదో జీపు అడుక్కొని తెచ్చిండు. దవాఖానకు పోయేదాంక దాని ముక్కుకాడ నా ఏలు పెట్టుకొనే కూసున్న. సూది ఏసినంక జర తెరుపైంది. గా డాక్టరే ఉన్నడు. సారూ పసుపు, సారూ పసుపు అని గదే మాట అంటున్న నేను. ఆయన, "ఇన్నాళ్లు నాకు చెప్పలేదేం తల్లీ?" అన్నడు. "మీరు తిండి అడిగిండ్రు సారు. పసుపు మందు గదా" అన్న. ఆయన కోపానికి రాలే. కుర్సీల కూసొని కాయిదం మీద పసుపు అని పెద్దగ రాసుకున్నడు.

ఇలాజ్ ఏందంటె, పసుపు ముట్టొద్దు, తినొద్దు, దుబ్బ పీల్చొద్దు. గంతే. గోళీలు ఎప్పటికి దగ్గర పెట్టుకోవాలె. ఇనడానికి సిన్నగనే ఉంది. పసుపు రైతు ఇంట్ల గది ఎట్లైతది సెప్పు?

ఇంటికొచ్చి పసుపు లేని పప్పు వండిన. మా అత్త పళ్ళెం సూసి ఏమన్నదో ఎర్కేనా? నిన్ను మీ అత్త అన్నది సూడు, గదే మాట. ఇంట్ల ఎవ్వలు సచ్చిండ్రని వండినవ్ అని. నా కొడుకు సల్లగ ఉండంగ గిదేం వంట అని పళ్ళెం జరిపి లేసిపోయింది. నెల దినాలు ఆమె వేరే కుండల వండుకున్నది, నాతోటి మాట లేదు. నేను ఎదురు మాట్లాడలే గని వండుడు ఆపలే. మీ తాత పాపం ఇద్దరి దగ్గర తినేది. పసుపు తవ్వే దినాలొస్తె సరోజను మా అక్కింటికి పంపుడు, ఎండి అమ్ముడు వోయినంక తెచ్చుకునుడు. ఆడనే బడికి పోయింది శాన మట్టుకు. మూడు నెలలు పిల్ల కనవడక పోయేది, గదొక రంది. ఇంట్ల ఉంటె ఇంకో రంది. బొడ్రాయి పండుగొచ్చినా, ఎవ్వలదన్న పెండ్లైనా, ముత్తైదువలు పసుపు గిన్నె పట్టుకొని కాళ్ళకు రాస్తమని వచ్చేది, నేను పిల్లను ఎనకకు దాసుకునేది. కుంకుమ గూడ పసుపుతోనే సేస్తరని తర్వాత ఎర్కైంది. గందుకే మీ మేనత్త తిలకం సీసా పెట్టుకుంటది. గా గోళి నా కొంగుకు ముడేసుకొని తిరిగిన పదకొండేండ్లు. సీర మార్చినప్పుడల్ల ముందు గా ముడి మార్చేది.

పద్దెనిమిదేండ్లకు సంబంధం వచ్చింది. బోధన్ దిక్కు, షక్కర్ ఫ్యాక్టరీకి సెరుకు తోలేటోళ్ళు. పసుపు పండియ్యరని నాకు పాణం లేసొచ్చింది. గని సెప్పుడెట్ల? పసుపు పడని పిల్ల అంటె ఎవ్వలు సేసుకుంటరు? మొగుని పాణానికి కీడంటరు. మీ తాత, సెప్పకు, ఒక్కనాటి పసుపే గద, ముందుగాల గోళి ఏద్దాం అన్నడు. నేను దినాం గదే ఆలోచన. సెప్తె సంబంధం పోతది, సెప్పకుంటె పందిట్ల పిల్ల పోతది. అన్నం సయించలే నాకు.

ఒప్పందానికి వాళ్ళు వచ్చిననాడు మాటలన్ని అయినయ్, పండ్లు ఇచ్చుకునుడు ఒక్కటే ఉంది. గప్పుడు మా అత్త, గోడకాడ కూసున్న ముసల్ది, పదకొండేండ్లు నా పప్పును సావింటి పప్పు అన్న ముసల్ది, కట్టె ఊతం పట్టుకొని లేసింది.

"మా పిల్లకు పసుపు పడది," అన్నది. "నా సేతులతోనే పోసి సంపుకుంటుంటి. మీకు ఇష్టముంటె సేసుకోండ్రి, లేకుంటె పండ్లు తీస్కపోండ్రి."

మీ తాత తల వంచుకున్నడు. నా సెయ్యి ఊకనే కొంగు ముడిమీదికి పోయింది. పిలగాని తల్లి ఒక్కటే అడిగింది.

"మరి పుస్తెల తాడుకు?"

"మోదుగు పూల రంగేస్త," అన్నది మా అత్త. "నలుగుకు గూడ గదే. దాని మోచేతి మీద మూడు దినాలు రాసి సూసిన. ఏం కాలే."

నాకు ఎర్క లేదు బిడ్డా! కాముని పున్నానికి పిల్లలు రంగు కోసం మోదుగు పూలు ఉడకబెడ్తరు సూడు, గవి. ముసల్ది అడివికి పోయి ఒడినిండ ఏరుకొచ్చి ఎండబెట్టుకొని, పిల్ల ఇంటికొచ్చినంక నాకు సెప్పకుంట ఉడకబెట్టి, నా పిల్లను ఎనకకు తీస్కపోయి రాసి సూసిందట. సరోజ గూడ సెప్పలే నాకు. ఇద్దరు దొంగలే.

వాళ్ళు సేసుకున్నరు. పెండ్లి మా అక్క ఊర్లనే సేసినం, ఎందుకంటె మా ఊర్ల అప్పుడు పసుపు ఉడుకుతుంది. నలుగు పెట్టినప్పుడు నేను పిల్ల ముఖమే సూస్తున్న, తాడు మెడల పడ్డప్పుడు మెడనే సూస్తున్న, తలంబ్రాలు గూడ మోదుగు రంగు బియ్యమే. ఒక్క దద్దు లేవలే. పెండ్లి మంత్రాలు ఒక్కటి నా సెవుల పడలే, దాని ఊపిరే ఇన్న.

పిల్లను అత్తగారింటికి సాగదోలేటప్పుడు ఆడోళ్ళందరు దీవిస్తున్నరు, పసుపు కుంకుమలతోని సల్లగుండు అని. మా అత్త వంతు వచ్చింది. నెత్తిమీద సెయ్యి పెట్టింది. "పసుపు..." అన్నది, ఆగింది. కుంకుమ అందామంటె గదీ పడది. ఎనభై ఏండ్ల మనిషికి ఇంకో దీవెన రాది, సెయ్యి అట్లనే ఉంది, పెదవులు కదులుతున్నయ్, మాట లేదు. పిలగాడు నిలవడి సూస్తున్నడు, బండి ఎడ్లు కదులుతున్నయ్. కడకు, "నిండ ఊపిరి పీల్సుకో బిడ్డా" అన్నది. పెద్ద దీవెన లెక్కనే అన్నది. గప్పుడు ఏడిసిన నేను, గా పదకొండేండ్లది మొత్తం ఆన్నే ఏడిసిన.

ఆ... గదీ ముచ్చట. పిల్ల పోయినా నా సేతికి గా వంటే అలవాటైంది, అది ఎప్పుడొచ్చినా తినాలె గద. రేపు మీ అత్త పప్పుల పసుపెయ్యి, నీకు పడకుంట ఏం లేదు, ఆమె ఇల్లు ఆమె తీరు. గని మీ మేనత్త మీ ఇంటికి వచ్చిననాడు మట్టుకు వేరే గిన్నె పెట్టు, మరవకు. మీ అత్తకు ముందుగాలనే సెప్పు, లేకుంటె మల్లా బుగులు పడ్తది ఆమె.

పోతవా? ఇటు రా, తల వంచు. ఏం అనాలె... నాకు గూడ గా మాటే అలవాటైంది సూడు. నిండ ఊపిరి పీల్సుకో బిడ్డా. నీ మొగడు గూడ. జర గా తలుపు దగ్గరికెయ్యి పోయేటప్పుడు, గాలికి దుబ్బ...