దక్షిణ ద్వారం దగ్గర ప్యన్ దొక్సూ సిగ

“రాజుగారి సిగ సంగతి నేను మాట్లాడను,” అన్నాడు ప్యన్ దొక్సూ, కల్లుగిన్నె కింద పెట్టి. “ఎవరు కోశారు, ఆయన ఎందుకు తల వంచారు, అవి నన్నడగొద్దు. నా సిగ సంగతి అడగండి, చెబుతాను.”

ఎవరూ అడగలేదు. అడగకపోవడం అతని కథకు ఏనాడూ అడ్డు కాలేదు. రేవు పక్కన, సొల్మె ఊరి ఆడపడుచు గనక అందరూ సొల్మె వదిన అని పిలిచే ఆమె కిందటి శరత్కాలంలో పెట్టిన కల్లుకొట్టు అది. బయట ఏరు గడ్డకట్టింది. లోపల వెచ్చని నేలమీద కూర్చున్నవారిలో ఆనాడు చెవియొగ్గి విన్నవాడు నమ్ తెసిక్ ఒక్కడే.

కారణం ఉంది. తొమ్మిది రోజుల్లో అతని పెద్దకొడుకు పెళ్లి. ముందునాడు కుర్రవాడి వీపుమీది జడ విప్పి, నడినెత్తిన సిగ ముడివేసి, మగవారి వరుసలో కూర్చోబెట్టడానికి ఒక పెద్ద కావాలి. మాట ఇచ్చిన పంతులు పట్నంలో కొత్తబడి ఉద్యోగంలో చేరి, జుట్టు కత్తిరించుకుని, నల్లటోపీతో తిరిగివచ్చాడు. కత్తెర తగిలిన తలవాడి చేతులమీదుగా తన కొడుక్కి సిగ పడడం తెసిక్‌కు సమ్మతం కాలేదు. కత్తెర తగలని పెద్దలు ఆ చుట్టుపక్కల ముగ్గురో నలుగురో మిగిలారు. వారిలో దొక్సూ ఒకడు. ఆ పిలుపు కోసమే అతను వారం రోజులుగా రేవు వదలడం లేదని తెసిక్‌కు తెలుసు. అయితే ఊరంతా కోతలరాయుడనే మనిషిని ఆ పెద్దరికపు పీటమీద ఎలా కూర్చోబెట్టాలో తెలియక నలుగుతున్నాడు.

“పన్నెండేళ్ల కిందటి మాట,” అన్నాడు దొక్సూ. “మగవాళ్లందరూ సిగలు కోయించుకోవాలని రాజాజ్ఞ వచ్చిన చలికాలం. ఉప్పు కోసం జిల్లా పట్నం వెళ్లాను. దక్షిణ ద్వారంలో పోలీసులు కత్తెరలు పట్టుకుని నిలబడ్డారు. వచ్చినవాణ్ణి వచ్చినట్టు పట్టుకోవడం, టోపీ ఊడబెరకడం, కసుక్కున కోయడం. నన్నూ పట్టుకున్నారు. ఒక్క విదిలింపు విదిలించి బయటపడ్డాను. అంతే. పెద్ద గొప్పేం కాదు.”

“అంతేనా?” అన్నాడు పడవ నడిపే ఓమ్. “మొన్న చెప్పినప్పుడు కత్తెర విరిగిందన్నావే అన్నా!”

“నా నోటితో నేనే చెప్పుకుంటే బాగుంటుందా తమ్ముడూ? అడిగావు గనక చెబుతున్నా. విరిగింది. రెండోది తెచ్చారు, అదీ విరిగింది. దాని ముక్కే ఎగిరొచ్చి ఇదిగో, ఈ ఎడమచెవి కొస పట్టుకుపోయింది. మూడోది మొద్దుబారిపోయి వెన్న కూడా తెగదన్నాడు ఆ పోలీసు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కమ్మరిని పిలిపించారు. వాడు గుర్రపునాడాలు కోసే పట్టుకారు తెచ్చి, నా సిగ చూసి, దండం పెట్టి వెళ్లిపోయాడు.”

“కమ్మరి దండం పెట్టాడా!”

“పెట్టక? ఆపైన పన్నెండుమంది పట్టుకుని వేలాడారు. నేను తల ఇలా ఎత్తితే అందరికీ కాళ్లు నేల విడిచాయి. అప్పుడు ఎద్దును తెచ్చి, తాడు ఒక కొస దాని మెడకు, ఒక కొస నా సిగకు కట్టి అదిలించారు. లాగింది పాపం. నేను తుమ్మాను. తుమ్మితే ఎద్దు వెనక్కి వెనక్కి వచ్చి నా ఒళ్లో కూర్చుంది!”

“ఎద్దు సరేగాని, ద్వారం నిలబడిందా?” అన్నాడు ఓమ్.

“ద్వారం దగ్గరికే వస్తున్నా, తొందరెందుకు? ఎద్దుతో కాదని తాడు కోట తలుపుకు కట్టారు. తలుపు మూస్తే సిగ ఊడొస్తుందని వాళ్ల తెలివి. నాకు మాత్రం ఇంటికెళ్లే వేళయింది, మా అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది. లేచి నడిచాను. తలుపు వెంట వచ్చింది, తలుపు వెంట కమ్మీలు, కమ్మీల వెంట ద్వారంపై పెంకులు. మూడు కొండలు దాటాక వెనక్కి తిరిగి చూస్తే పట్నంలో సగం నా వెనకే ఉంది, సంతతో సహా. జనం బేరాలు ఆపలేదు! మర్నాడు మళ్లీ పట్టుకెళ్లి పెట్టివచ్చాను. ఇప్పటికీ కొంచెం వంకరగా ఉంటుంది, వెళ్లి చూసుకోండి.”

కొట్టు నవ్వుతో ఊగింది. తెసిక్ కూడా నవ్వాడు. నవ్వుతూనే, ఈ మనిషి కాడని లోలోపల తేల్చుకున్నాడు. దొక్సూ అది కనిపెట్టినట్టే ఉన్నాడు. టోపీ తీసి, నుదుటిపట్టీ సవరించి, నెరిసిన సిగను అందరికీ చూపించాడు. “ఒక్క వెంట్రుక పోలేదు. చూసుకోండి.”

సొల్మె వదిన చూసింది. చూసింది సిగను కాదు. చారు గరిట కుండలో వదిలి దగ్గరకు వచ్చి, అతని ఎడమచెవిని వంగి పరికించింది.

“ఇది కత్తెర ముక్కకు పోలేదు, మంచుకు పోయింది. గోరువెచ్చని నీళ్లతో కాపడం పెట్టింది నేనే. అప్పట్లో ఆ ద్వారం పక్కన నాది అంబలికొట్టు. ఈ కల్లుకొట్టు పెట్టినప్పటి నుంచి నీ మొహం ఎక్కడో చూశాననే అనుకుంటున్నా. ఏం దొక్సూ, ఆ చలికాలం నీ నెత్తిన సిగ ఎక్కడిది? వీపున జడ కాదూ? పెళ్లి కానివాడికి సిగేమిటి? ముప్ఫై ఏడేళ్లొచ్చినా నీకంటే చిన్నవాళ్లు నిన్ను ఒరేయ్ అనేవాళ్లు.”

 ఓమ్ నేలమీద చరిచాడు. “లేని సిగకా ఎద్దును కట్టారు!”

నవ్వు రెండింతలైంది. దొక్సూ టోపీ పెట్టుకోబోయాడు. దాని తాడు గడ్డం కింద ముడిపడలేదు. తెసిక్ గుమ్మం దగ్గరి గడ్డిచెప్పుల వైపు కదిలాడు.

“కూర్చోండి నమ్ అన్నా,” అన్నది సొల్మె వదిన. “మొదలుపెట్టాను గనక పూర్తిగా వినండి. పోలీసుల కళ్లు సిగలమీదే. జడవాడు వాళ్ల లెక్కలో పసివాడు, కుక్కతో సమానం. ఇతను వాళ్ల చంకల కిందినుంచి వచ్చేవాడు, పోయేవాడు. కోసిన సిగలు బురదలో, కాళ్ల కింద. కన్నవాళ్లిచ్చిన జుట్టు, చచ్చాక శవపెట్టెలోనైనా పెట్టించుకుందామంటే అదీ దక్కలేదని మగాళ్లు గోడకు తిరిగి ఏడుస్తుంటే, ఈయన ఉప్పుబుట్టతో వంగి ఏరాడు. మూడు రోజులు. రాత రాదు గదా, గుర్తుకోసం ఎవరిది వాళ్ల చెప్పుల గడ్డిపోచతోనో టోపీ తాడు ముక్కతోనో కట్టుకుని, ఊరూరా మోకాళ్ల లోతు మంచులో తిరిగి, ఇంటింటికీ ఇచ్చి వచ్చాడు. నలభై ఒకటి. అందులో మా ఆయనది ఒకటి. పోయిన ఏడాది ఆయన పోతే, అది తలకింద పెట్టే సాగనంపాను.”

ఓమ్ గిన్నె దించాడు. “అన్నా, ఇది చెప్పక ఎద్దులూ తలుపులూ ఎందుకయ్యా?”

దొక్సూ నేలవైపు చూశాడు. “ఇది చెబితే, అప్పటికి నాకు పెళ్లి కాలేదని చెప్పాలి కదా.”

తెసిక్ చెప్పులు వదిలి వెనక్కి వచ్చాడు. కల్లుకూజాను రెండు చేతులా ఎత్తి, అతని గిన్నెలో నింపాడు. 

రెండో రోజున దొక్సూకు తెసిక్ నుంచి పిలుపు ఉత్తరం వచ్చింది. మందపాటి కాగితం, ‘మాన్యులైన ప్యన్ వారి సన్నిధికి’ అని మొదలు. దాన్ని అతను మూడుచోట్ల మూడుసార్లు చదివించుకున్నాడు. మర్యాద ప్రకారం అటువంటి పిలుపును తాను తగనంటూ ఒకసారి కాదని రాయాలి, రెండోసారి అడిగించుకుని ఒప్పుకోవాలి. ఎవరిచేతనైనా ఆ నాలుగు వాక్యాలు రాయించమని ఓమ్ చెప్పి చూశాడు. కాదంటే వాళ్లు నిజమే అనుకుంటారేమోనని దొక్సూ భయం. సిగ ముహూర్తానికి రెండు రోజుల ముందే అతను, ఉతికిన తెల్లబట్టలతో, తెల్లవారకముందే తెసిక్ ఇంటి వాకిట్లో చాప పరుచుకుని కూర్చున్నాడు. ఆ ఉత్తరానికి మాత్రం ఎన్నడూ జవాబు పంపలేదు.