బావగారు గెంటేసిన టీవీ

నేను ఇంతవరకు ఏదీ రాసినదాన్ని కాదు. ఇస్త్రీ బట్టల మూటల మీద ఇంటి నంబరు వేయడం తప్ప నా చేత్తో రాసింది లేదు. చదివింది ఐదో తరగతి. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పడతాయి. కానీ మా బావగారు ఆ సాయంత్రం చెప్పిన కథ ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ఆయన్నే మళ్లీ చెప్పమంటే ప్రతిసారీ ఇంకో మూర పెరుగుతుంది. అందుకని విన్నది విన్నట్టు నేనే రాస్తున్నాను.

బావగారంటే మా ఆయన అన్నగారు. లిఫ్టులు బాగుచేస్తారు. మా అమ్మాయికి పెద్ద ల్యాబులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది, అదీ కంప్యూటర్లోనే. మొదటిసారి సగంలో నెట్ పోయింది. పిల్ల మొహం తెర మీద నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయిందట. వాళ్లు దయతలచి మళ్లీ పెట్టారు గానీ ఇదే ఆఖరు అన్నారు. "నెట్ సంగతి నాకొదిలేయండి" అని బావగారు ఆదివారం ఫోను పట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు నుంచి నెట్ నిజంగానే బాగా వస్తోంది. అబద్ధమెందుకు, నాకూ గర్వంగానే ఉంది.

తెల్లారితే ఇంటర్వ్యూ. మా కొట్టు ముందు బల్ల మీద బావగారు, పక్కన బేకరీ ఆయన, ఆసుపత్రి డ్యూటీ దిగి బట్టల కోసం ఆగిన పైఇంటి నర్సక్క. నేను ఇస్త్రీ చేస్తున్నాను. టీ వచ్చింది. బావగారు గొంతు సవరించుకున్నారు.

"అసలు జబ్బెక్కడుందో ముందు పట్టుకోవాలండీ. నేనేం చేశానూ, ఫోన్లోంచే నెట్ పెట్టె లోపలికెళ్లా. చూస్తే మన పెట్టె ఆరో ఛానల్లో ఉంది, బిల్డింగులో పెట్టెలన్నీ ఆ ఆరులోనే ఏడుస్తున్నాయి! ఒక్క గుమ్మంలో పదిమంది ఒకేసారి దూరితే ఎవడైనా బయటపడతాడా? మన పెట్టెని పదకొండులోకి తోశా. ఇక గుమ్మం మనదొక్కరిదే."

"అంతేనా?" అన్నాడు బేకరీ ఆయన.

"అంతేనా అంటావేంటయ్యా, అది గుమ్మమే, ఇల్లు ఇంకా ఉంది! నెట్‌కి దారి చెప్పేవాడొకడుంటాడు, డీఎన్ఎస్ అంటారు. మనవాడేమో, అడ్రసు అడిగితే ఆవలించి, తల గోక్కుని, అప్పుడు చెప్పేవాడు. వాణ్ణి పీకేసి చురుకైనవాణ్ణి కూర్చోబెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపల దొంగలు దొరికారు!"

"దొంగలా?" అంది నర్సక్క.

"దొంగలే నర్సమ్మా! మనవి కాని ఫోనొకటి, టీవీ ఒకటి మన పెట్టెకి తగులుకుని జుర్రేస్తున్నాయి. పైగా ఆ టీవీకి పేరు కూడా పెట్టుకున్నారు, 'ముందుగది' అని! సిగ్గు లేకపోతే సరి. ఠపీమని పాస్‌వర్డ్ మార్చి మెడబట్టి గెంటేశా."

నర్సక్క గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది.

"ఇక చూస్కోండి వేగం! సినిమా నొక్కి కుర్చీ లాక్కునేలోపు శుభం కార్డు పడిపోయింది. సరే, సెలవు కావాలని మా ఆఫీసరుకి మెసేజ్ పెడదామని ఇంకా ఆలోచిస్తున్నా, 'తీసుకో' అని ఆయన జవాబు వచ్చేసింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నెట్ మన గదిలో పట్టలేదు. కిటికీలోంచి పొంగి వీధిలో పడింది. పక్క బిల్డింగు లిఫ్టుకి కరెంటు లేదు, మీరు నమ్మరు, ఆ నెట్ తాకిడికే ఐదో అంతస్తు దాకా పోయింది, లోపల ముసలాయన నాకు దండం పెట్టుకుంటూ పోయాడు!"

"కిందికెలా దిగాడు?" అన్నాడు బేకరీ ఆయన.

"వేగం తగ్గించి నేనే దింపా. అంతలో నెట్ కంపెనీ వాళ్లు కారేసుకొచ్చారు. చేతులు కట్టుకుని, 'సార్, ఊరు ఊరంతా నెట్ మీ ఇంట్లోకి వచ్చేసింది, కాస్త వదలండి' అని బతిమాలారు. పాపం, సగం వదిలా. మిగతా సగానికే, పైన తిరిగే ఉపగ్రహం ఉంది చూశారూ, అది మన డాబా దగ్గర కాసేపు ఆగి, చూసి, చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది!"

నర్సక్క గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఒక్క సందేహం అన్నయ్యగారూ. మీ పెట్టె దీపం ఏ రంగులో ఉంది?"

గుమ్మంలో నిలబడి వింటున్న మా అమ్మాయి లోపలికెళ్లి అలమరా మీదకి తొంగి చూసింది. "ఎర్రగా ఉంది పెదనాన్నా."

"వేగానికి వేడెక్కింది" అన్నారు బావగారు.

"వేడి కాదండీ, ఎర్ర దీపమంటే మీ పెట్టెకి నెట్ ఆగిపోయిందని. 'ముందుగది' మా టీవీ. ఫోను మా అత్తగారిది. ఆదివారం నుంచి మా ఇంట్లో నెట్ లేదు. సీరియల్ రాక ఆవిడ పొద్దస్తమానం నన్నే చూస్తూ కూర్చుంటోంది!"

అప్పుడు విషయం బయటపడింది. మా రెండిళ్లకీ పెట్టెలు బిగించింది ఒక్క కేబులాయనే. పని తేలికవుతుందని రెంటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టిపోయాడు. మాది ఆగిపోగానే బావగారి ఫోను చప్పుడు చేయకుండా పైఇంటి పెట్టెని పట్టుకుంది. ఆయన సవరించిందంతా నర్సక్క పెట్టెలోనే.

"అంటే వాళ్లింట్లోంచి వాళ్లనే మెడబట్టి గెంటారన్నమాట!" అని బేకరీ ఆయన బల్ల చరిచి నవ్వాడు.

బావగారు ఖాళీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు. నాకు నవ్వు రాలేదు. గుమ్మంలో నిలబడిన నా పిల్ల మొహం చూశాను. తెర మీద ఆగిపోయిందన్న మొహం ఇదే కాబోలు అనిపించింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టాను. గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

"అక్కా, రేపు పొద్దున ఒక్క గంట మీ నెట్..."

"గంటేంటి చెల్లీ, మా ముందుగదే తీసుకో. పిల్లని అక్కడే కూర్చోబెట్టు. ఈయన చెయ్యి పడ్డాక నెట్ బాగుపడిందంటున్నారుగా, ఆ సెట్టింగులు అలాగే ఉండనీ. కొత్త పాస్‌వర్డ్ నాకు చెప్పి, ఆయన్ని మాత్రం మా పెట్టె దగ్గరికి రానివ్వకు."

మర్నాడు పొద్దున అమ్మాయిని నర్సక్క ముందుగదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, నేను మెట్ల మీద కూర్చున్నాను. బావగారు నాకంటే ముందే వచ్చి రెండు మెట్లు కింద కూర్చుని ఉన్నారు. లోపల్నుంచి మాటలు అర్థం కాలేదు గానీ, నా పిల్ల గొంతు ఎక్కడా తెగకుండా వస్తూనే ఉంది. బేకరీ ఆయన వేడి బన్నులు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "ఎలా అవుతోంది?" అన్నాడు గుసగుసగా.

బావగారు నోరు తెరిచి, నావైపు చూసి, మళ్లీ మూసేశారు. ఆయన్నలా చూడలేకపోయాను.

"ఎలా ఏంటన్నా" అన్నాను. "మా పిల్ల మొదటి జవాబు చెప్పగానే అటు పక్క పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మిగతావాళ్లు అడగాల్సిన ప్రశ్నలు మర్చిపోయి, నువ్వే అడుగమ్మా, మేం చెబుతాం అన్నారు."

బావగారు మెట్టు మీద నావైపు తిరిగి కూర్చున్నారు. గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నారు.

"ఆ తర్వాత?" అన్నారు.

నేను గొంతు సవరించుకున్నాను.